పనిబల్ల దగ్గర ఏ భూతద్దం? కంసాలికి, వాచ్ మెకానిక్‌కి, సెల్ రిపేరుకి

భూతద్దం కొనడానికి వెళ్ళేముందు ఇంట్లోనే ఒక కొలత తీసుకోవాలి. రోజూ కూర్చునే చోటే కూర్చోండి. రోజూ పట్టుకునే వస్తువే చేతిలో పట్టుకోండి. గంటసేపు పనిచేసినా మెడ పట్టెయ్యకుండా తల ఎంత వంచగలరో అంతే వంచండి. ఇప్పుడు ఇంకొకర్ని పిలిచి కంటి కొస నుంచి వస్తువు దాకా టేపు పెట్టి కొలవమనండి. పీట మీద కూర్చుని పనిచేసే కంసాలికి ఇది మామూలుగా 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. మగ్గం వర్క్ కుట్టేవాళ్ళకు 40 దాటుతుంది. ఎత్తు బల్ల మీద మోచేతులు ఆనించి పనిచేసే వాచ్ మెకానిక్‌కు 20 లోపే. ఆ అంకె ఒక కాగితమ్ముక్క మీద రాసి జేబులో వేసుకోండి. షాపులో బేరం మొదలవ్వాల్సింది ఈ అంకెతోనే. చాలామంది "ఎన్ని ఎక్స్ ఉంది?" అని అడిగి, ఉన్నవాటిలో పెద్ద అంకె చూసి తెచ్చుకుంటారు. వారం తిరక్కుండా అది సొరుగులో చేరుతుంది.

కారణం చిన్న లెక్క. లెన్సు పవర్‌తో 100ని భాగిస్తే ఆ లెన్సు ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ అవుతుందో వస్తుంది. ప్లస్ 4 లెన్సుకు 25 సెంటీమీటర్లు, ప్లస్ 5కు 20, ప్లస్ 10కి 10, ప్లస్ 20కి 5. వస్తువు ఎంత పెద్దగా కనిపించాలనుకుంటే అది ముఖానికి అంత దగ్గరికి రావాలి. ఒంటి లెన్సుతో చేసిన ఏ భూతద్దానికైనా ఇదే లెక్క, ధర ఎంతైనా సరే. 10 సెంటీమీటర్లంటే బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. అంత సందులో ఊదుగొట్టం పట్టదు, శ్రావణం పట్టిన చేతి నీడ పని మీదే పడుతుంది, కుంపటి సెగ ముఖానికి కొడుతుంది.

పెట్టె మీద రాసే ఎక్స్ అంకెలో ఇంకో తిరకాసు ఉంది. మామూలు కంటికి హాయిగా కనిపించే దగ్గరి దూరం 25 సెంటీమీటర్లని ఒక లెక్క పెట్టుకున్నారు. ఆ 25ని లెన్సు ఫోకస్ దూరంతో భాగిస్తే రెట్లు వస్తాయి. కొందరు తయారీదారులు దానికి ఇంకో 1 కలుపుతారు. అందుకే ఒకే ప్లస్ 10 లెన్సు ఒక పెట్టె మీద 2.5 ఎక్స్ అనీ, ఇంకో పెట్టె మీద 3.5 ఎక్స్ అనీ ఉంటుంది. రెండూ అబద్ధం కాదు, లెక్క కట్టిన పద్ధతి వేరు. ఆన్‌లైన్‌లో 20 ఎక్స్, 25 ఎక్స్ అని అమ్మే ఎల్‌ఈడీ కళ్ళద్దాల సంగతి మాత్రం వేరు. నిజంగా 20 రెట్లు చూపించే లెన్సు అయితే వస్తువు లెన్సుకు సెంటీమీటరుంపావు దూరంలో ఉండాలి. ముక్కు ముందుగా దానికి తగులుతుంది.

చేతికొచ్చిన లెన్సు పవర్ తేల్చుకోవడానికి పరికరమేమీ అక్కర్లేదు. గదికి ఆ చివర కిటికీ ఉండేలా, కనీసం నాలుగు మీటర్ల దూరంలో నిలబడండి. తెల్ల కాగితం గోడకు ఆనించి, దాని ముందు లెన్సు పట్టుకుని ముందుకీ వెనక్కీ కదపండి. ఒకచోట కిటికీ బొమ్మ తలకిందులుగా, ఊచలతో సహా కాగితం మీద స్పష్టంగా పడుతుంది. అక్కడ లెన్సుకీ కాగితానికీ మధ్య స్కేలు పెట్టండి. 10 సెంటీమీటర్లు వస్తే అది ప్లస్ 10, అంటే రెండున్నర రెట్లు. ఐదు వస్తే ఐదు రెట్లు. పెట్టె మీద ఏముందన్నది తర్వాతి మాట. ఈ పరీక్ష ఒక గొట్టంలో ఒకదాని వెనక ఒకటి లెన్సులు పెట్టి చేసే దూరదర్శిని రకానికి పనికిరాదు, దాని సంగతి కింద ఉంది.

తలకు కట్టుకునేవి

పని దినమంతా పెట్టుకోవాల్సినవాళ్ళకు మొదటి ఎంపిక ఇదే. తల చుట్టూ పట్టీ, నుదుటి ముందు టోపీ అంచులాంటి చూరు, దాని చివర రెండు కళ్ళకూ కలిపి లెన్సు పలక. అక్కర్లేనప్పుడు పైకి ఎత్తేయవచ్చు. కింద మామూలు కళ్ళద్దాలు ఉన్నా ఇబ్బంది లేదు. రెండు కళ్ళతో చూస్తారు కాబట్టి లోతు తెలుస్తుంది. రాయి గూడులో ఎంత దిగిందో, తీగ కొస ఎక్కడ లేచిందో ఒంటికన్నుతో అంచనా వేయడం కష్టం.

అమెరికాలోని కాన్సస్‌లో డోనిగన్ కంపెనీ చేసే ఆప్టీవైజర్ ఈ రకానికి నమూనా. బజార్లో దొరికే వాటిలో చాలావరకు దాన్ని చూసి చేసినవే. దాని లెన్సు పలకల నంబర్లు గుర్తుంటే ఏ కంపెనీ వస్తువుకైనా పోల్చుకోవచ్చు (రెట్లు ఇక్కడ 1 కలిపే పద్ధతిలో ఉన్నాయి):

నంబరు 2: ఒకటిన్నర రెట్లు, 20 అంగుళాల దూరం
నంబరు 3: ఒకటి ముప్పావు రెట్లు, 14 అంగుళాలు
నంబరు 4: రెండు రెట్లు, 10 అంగుళాలు
నంబరు 5: రెండున్నర రెట్లు, 8 అంగుళాలు
నంబరు 7: రెండు ముప్పావు రెట్లు, 6 అంగుళాలు
నంబరు 10: మూడున్నర రెట్లు, 4 అంగుళాలు

జేబులోని కాగితం తీసి ఈ వరుసలో మీ దూరం ఎక్కడుందో చూడండి. 35 సెంటీమీటర్లంటే 14 అంగుళాలు, అంటే నంబరు 3. ఒకటి ముప్పావు రెట్లేనా అని తీసిపారేయకండి. రోజుకు ఎనిమిది గంటలు పెట్టుకునే అద్దంలో అది చాలా ఎక్కువ. రెండు చేతులూ, పనిముట్టూ, వస్తువూ అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. తల రెండు అంగుళాలు అటూఇటూ కదిలినా మసకబారదు. నంబరు 7కి వెళ్ళేసరికి ఉంగరం మాత్రమే కనిపిస్తుంది. నంబరు 10లో ఆ ఉంగరం పై అంచు ఫోకస్‌లో ఉంటే కింది అంచు ఉండదు. రెట్లు పెరిగేకొద్దీ దూరంతోపాటు చూపు వెడల్పూ, ఫోకస్ లోతూ కూడా తగ్గిపోతాయి. ఊపిరి తీసుకున్నా తల కదిలి చూపు చెదిరే స్థితి వస్తే ఆ లెన్సు రోజంతటి పనికి కాదు.

ఇందులో గాజు లెన్సుదీ, ప్లాస్టిక్ లెన్సుదీ తేడా మొదటి నెలలో తెలియదు. ఆరో నెలలో తెలుస్తుంది. చవక రకాల్లో ఉండేది అక్రిలిక్. తేలికగా ఉంటుంది, కిందపడితే పగలదు. కానీ త్వరగా గీతలు పడతాయి, స్పిరిట్‌తో తుడిస్తే జుట్టులాంటి బీటలు వస్తాయి, థిన్నర్ గాని అసిటోన్ గాని తగిలితే పాలు పోసినట్టు తెల్లబడుతుంది, టంకం వేస్తుంటే వెలిగారం చిటపటలాడి ఒక బొట్టు ఎగిరి పడితే అక్కడ గుంట. గాజు ఇవన్నీ తట్టుకుంటుంది. దాని లోపాలు రెండు: బరువు, పడితే పగలడం. బల్ల దగ్గరే ఉండి పనిచేసేవాళ్ళు గాజు తీసుకోవాలి. బ్యాగులో వేసుకుని ఊరూరా తిరిగే మెకానిక్ అక్రిలిక్ తీసుకుని, ఏడాదికొకసారి లెన్సు మార్చుకోవడమే మేలు.

ఐదు లెన్సులు డబ్బాలో పెట్టి, ముందు ఎల్‌ఈడీ బల్బు పెట్టి ఇచ్చే సెట్లు చాలా దొరుకుతాయి. పని నేర్చుకుంటున్నవాళ్ళకు ఇది మంచి కొనుగోలే, ఏ దూరం తమకు కుదురుతుందో తక్కువ ఖర్చులో తేలిపోతుంది. నెల రోజుల్లో ఆ ఐదింటిలో వాడుతున్నది ఒక్కటే అని అర్థమవుతుంది. అదే నంబరులో గాజుది కొనుక్కుంటే సరి.

కంట్లో పెట్టుకునే లూప్

వాచీల వాళ్ళు కనుగుంటలో బిగించుకునే నల్ల గొట్టం ఇది. దీని నంబర్ల దగ్గర జాగ్రత్త. స్విస్ పద్ధతిలో నంబరు అంటే ఎన్ని అంగుళాల్లో ఫోకస్ అవుతుందన్నది. నంబరు 4 రెండున్నర రెట్లు, 3 మూడు రెట్ల పైచిలుకు, 2 ఐదు రెట్లు, 1 పది రెట్లు. అంటే ఇక్కడ నంబరు తగ్గితే పవర్ పెరుగుతుంది, తలపట్టీ భూతద్దంలో నంబరు పెరిగితే పవర్ పెరుగుతుంది. "మూడో నంబరు ఇవ్వు" అంటే ఒక షాపులో 14 అంగుళాల లెన్సు, ఇంకో షాపులో 3 అంగుళాల లూప్ చేతికొస్తాయి. ఫోనులో ఆర్డరు పెట్టేవాళ్ళు అంగుళాలు కూడా చెప్పాలి.

గడియారం విప్పడానికి, బిగించడానికి నంబరు 3 చాలు. హెయిర్‌స్ప్రింగ్ (వెంట్రుకంత సన్న చుట్టు స్ప్రింగు) సర్దడానికి నంబరు 2. పది రెట్లది పివట్ (చక్రం ఇరుసు కొస) అరిగిందా, అది తిరిగే రాయి బీట వారిందా అని చూసి తీసేయడానికే, అది పెట్టుకుని పనిచెయ్యాలనుకోకూడదు. గొట్టం ప్లాస్టిక్‌దే మంచిది. అల్యూమినియంది చూడ్డానికి బాగుంటుంది, కానీ బరువుకు జారుతుంది. గొట్టం పక్కన గాలి రంధ్రం ఉన్నదే తీసుకోండి. లేకపోతే కంటి తడికి లోపల ఆవిరి పడుతుంది, వానాకాలంలో మరీను. లెన్సు బిగించిన రింగు మర తిప్పితే ఊడి రావాలి. అతికించేసిన రకంలో లోపలికి దుమ్ము పోతే ఇక దాని పని అయిపోయినట్టే. కనుబొమ్మ బిగించి పట్టుకునే బదులు తల చుట్టూ వచ్చే స్ప్రింగు తీగ తగిలించుకోవాలి. రెండో కన్ను మూయకుండా తెరిచి ఉంచడం అలవాటు చేసుకుంటే సాయంత్రానికి తలనొప్పి ఉండదు. మొదటి వారం రెండు బొమ్మలూ కలగాపులగంగా కనిపిస్తాయి, తర్వాత మెదడే రెండోదాన్ని పక్కన పెట్టేస్తుంది.

కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళకు ఈ గొట్టం కుదరదు. వాళ్ళకు ఫ్రేము తీగకు తగిలించే క్లిప్పు లూప్ ఉంది. దానికి లోహపు ఫ్రేము గట్టిగా ఉండాలి. రిమ్ లేని కళ్ళద్దాలకు తగిలిస్తే అద్దం అంచు పెచ్చులూడుతుంది.

చేత్తో పట్టుకునే 10 ఎక్స్ ట్రిప్లెట్ పనిచేసే అద్దం కాదు, చూసే అద్దం. వజ్రాల నాణ్యత చెప్పడానికి ప్రపంచమంతా వాడేది ఈ పది రెట్లే. నగ మీద బీఐఎస్ ముద్ర, 22కె916 లాంటి స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు ఒక్కో గుర్తింపు కోడ్) చదవడానికి ప్రతి కంసాలి దగ్గరా ఒకటి ఉండాలి. మూడు గాజు ముక్కలు అతికించి చేస్తారు కాబట్టి అంచుల్లో రంగులు విడవవు. చవకవాటిలో ట్రిప్లెట్ అని రాసి లోపల ఒకే లెన్సు పెట్టేవి ఉన్నాయి. గ్రాఫు కాగితం మీద పెట్టి చూస్తే దొరికిపోతాయి: అంచుల దగ్గర గీతలు వంగి, పక్కన నీలం, పసుపు అంచు కనిపిస్తుంది.

సేఫ్టీ గ్లాసుల్లో పవర్ ఉన్నవి

వీటి గురించి తెలిసినవాళ్ళు తక్కువ. పాలీకార్బొనేట్ సేఫ్టీ గ్లాసులకే కింది భాగంలో ప్లస్ ఒకటిన్నర, రెండు, రెండున్నర పవర్ ఉంటుంది. పెద్దగా చూపించవు. కానీ డ్రిల్లు, కటింగ్ చక్రం, పాలిష్ మోటారు దగ్గర పెట్టుకోదగ్గ భూతద్దం అంటే ఇదొక్కటే. తలపట్టీ భూతద్దం కంటికి కాపలా అనుకోవడం పొరపాటు. దాని కింద, పక్కన అంతా ఖాళీ. సన్న డ్రిల్లు పుల్ల విరిగితే ముక్క కింది నుంచి పైకే ఎగురుతుంది. తలపట్టీది తప్పనిసరైతే దాని కింద పవర్ లేని సేఫ్టీ గ్లాసులు పెట్టుకోండి. కొనేటప్పుడు కాడ మీద ఐఎస్ 5983, ఈఎన్ 166, జెడ్ 87 వీటిలో ఏదో ఒక గుర్తు ఉందో లేదో చూడండి. గుర్తు లేకపోతే అది మామూలు ప్లాస్టిక్ కళ్ళజోడే.

డాక్టర్లు వాడే రకం

పళ్ళ డాక్టరు కళ్ళజోడు ముందు రెండు చిన్న గొట్టాలు ఉంటాయి చూడండి, అదే దూరదర్శిని రకం. ఒంటి లెన్సుకున్న లెక్క దీనికి వర్తించదు. రెండున్నర నుంచి మూడున్నర రెట్లు పెద్దగా చూపిస్తూనే వస్తువును 34, 42, 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచనిస్తుంది. నడుం నిటారుగా పెట్టుకుని రెండున్నర రెట్లు కావాలంటే దారి ఇదొక్కటే. రాళ్ళు పొదిగేవాళ్ళు ఇప్పుడిప్పుడే దీనివైపు చూస్తున్నారు.

దీని కష్టాలు వేరు. దూరం ముందే చెప్పి కొనాలి, తర్వాత మారదు. కనుపాపల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిపించుకోవాలి. కళ్ళజోళ్ళ షాపులో ఐదు నిమిషాల పని. గొట్టాలు కదిలించే వీలున్న రకమైతే ఆ దూరం ఎవరికైనా సర్దుకోవచ్చు, ఒకే జత ఇద్దరు వాడుకోవచ్చు. అద్దంలోనే గొట్టాలు దిగ్గొట్టిన రకం తేలికగా ఉంటుంది, చూపు వెడల్పు ఎక్కువ, కానీ ఆ జత ఒక్కరికే. రేపు మీ కళ్ళద్దాల పవర్ మారితే జతంతా తయారీదారుకే పంపాలి. ఒకసారి కిందపడితే చాలు, గొట్టాల చూపు కలవక బొమ్మలు రెండవుతాయి. బల్ల మీద స్క్రూడ్రైవరుతో సర్దుదామంటే కుదిరే పని కాదది. చూపు వెడల్పు కూడా తక్కువే, గొట్టం బయటికి చూసి పనిముట్టు అందుకుని మళ్ళీ గొట్టంలోకి రావాలి. నాలుగు నుంచి ఆరు రెట్ల ప్రిజం రకాలూ ఉన్నాయి, ముక్కు మీద వాటి బరువు రోజంతా మొయ్యడం కష్టం.

చత్వారం వచ్చినవాళ్ళకు

షాపులో కుర్రాడు నంబరు 4 పెట్టుకుని ఉంగరాన్ని ముఖం ముందు అటూఇటూ తిప్పి "ఎక్కడ పెట్టినా క్లియర్‌గా ఉంది సార్" అంటాడు. అతను చెప్పేది నిజమే. ఇరవయ్యేళ్ళ కన్ను సొంతంగా సుమారు ప్లస్ 10 దాకా సర్దుకోగలదు. ప్లస్ 4 లెన్సుతో అతనికి 25 సెంటీమీటర్ల నుంచి 7 సెంటీమీటర్ల దాకా అంతా స్పష్టమే. యాభై ఐదేళ్ళ కన్ను ప్లస్ 1కి మించి సర్దుకోలేదు. అదే లెన్సుతో ఆయనకు 25 నుంచి 20 దాకానే కనిపిస్తుంది, ఆ ఐదు సెంటీమీటర్లు దాటితే మసక. అందుకని వయసు మీరినవాళ్ళు భూతద్దం తామే పెట్టుకుని చూడాలి, కొడుకును పంపి తెప్పించుకోకూడదు.

కళ్ళద్దాల పవర్ భూతద్దం పవర్‌కు కలుస్తుందన్నది ఇంకో సంగతి. ప్లస్ 2 చదువుకునే కళ్ళద్దాల మీద ప్లస్ 4 తలపట్టీ దించితే మొత్తం ప్లస్ 6. దూరం 25 నుంచి 17 సెంటీమీటర్లకు పడిపోతుంది. బైఫోకల్ పెట్టుకునేవాళ్ళకు పై భాగంలోంచి చూస్తే ఒక దూరం, కింది భాగంలోంచి చూస్తే ఇంకో దూరం. ఇది తెలియక అద్దం బాగాలేదని తిరిగిచ్చేసేవాళ్ళు ఎంతమందో. మైనస్ 3 ఉన్నవాళ్ళు కళ్ళద్దాలు తీసేసి తలపట్టీ ఒక్కటే పెట్టుకుంటే ప్లస్ 7తో చూసినట్టు. పని చేసేటప్పుడు ఏ కళ్ళద్దాలు ఉంటాయో అవే పెట్టుకుని షాపుకి వెళ్ళండి. ఇంకో మాట: కంటి పరీక్ష చేయించుకుని రెండేళ్ళు దాటితే ముందు ఆ పని చూసుకోండి. చత్వారం అద్దాలు సరిగ్గా రాయించుకున్నాక భూతద్దమే అవసరం లేదని తేలేవాళ్ళూ ఉంటారు.

ఏది ముందు విరుగుతుంది

గట్టి భూతద్దం అని అడిగితే అందరూ లెన్సు వైపే చూస్తారు. తలపట్టీ రకంలో లెన్సు చివరికి పోయేది. ముందు పోయేది వెనక పట్టీ బిగించే నాబ్. తల మీంచి లాగి తీసే అలవాటుకు దాని పళ్ళు అరిగిపోతాయి. ముందు వదులు చేసి తర్వాత తీయాలి. కొన్నింటిలో నాబ్‌ను లోపలికి నొక్కి తిప్పాలి, నొక్కకుండా తిప్పితే రెండు నెలల్లో జారడం మొదలవుతుంది.

తర్వాతిది పట్టీ పగలడం. కణతల దగ్గర, కీలు పక్కన సన్న బీటతో మొదలవుతుంది. దీనికి కొబ్బరినూనె ఒక కారణం. గట్టి ప్లాస్టిక్ వంగి బిగువుగా ఉన్నచోట నూనె, చెమట రోజూ తగిలితే బీట త్వరగా వస్తుంది. తలకు నూనె రాసుకుని పనికి కూర్చునేవాళ్ళు పట్టీ కింద నూలుగుడ్డ మడిచి కట్టుకుంటే చాలు. వారానికొకసారి సబ్బునీళ్ళ గుడ్డతో తుడవండి. చెమట పట్టీ విడిగా ఊడివచ్చి, కొత్తది దొరికే రకమే కొనండి.

మూడోది చూరు కీలు వదులై, పైకెత్తితే నిలవకుండా ముఖం మీద పడటం. ఒక పక్క పట్టుకుని ఎత్తితే ఒక మర ముందు వదులవుతుంది. మధ్యలో పట్టుకుని ఎత్తాలి. వదులైన మరకు మరలు కదలకుండా వేసే జిగురు (థ్రెడ్‌లాకర్) గాని, గోళ్ళ రంగు గాని వేయకండి. రెండిట్లోనూ ప్లాస్టిక్‌ను తినేసే రసాయనం ఉంటుంది, మర నిలుస్తుంది కానీ దాని చుట్టూ ప్లాస్టిక్ చిట్లుతుంది. మర కింద సన్న ఫైబరు వాషరు ఒకటి వేసి బిగిస్తే ఏళ్ళు నిలుస్తుంది.

ఎల్‌ఈడీ ఉన్నవాటిలో తీగ కీలు దగ్గరే తెగుతుంది, ఎత్తినప్పుడల్లా అక్కడే వంగుతుంది కాబట్టి. పెన్సిల్ సెల్స్ వేసేదైతే నెలల తరబడి వాడనప్పుడు సెల్స్ తీసి పెట్టాలి, లేకపోతే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి. చార్జింగు రకంలో లోపలి బ్యాటరీ మార్చే వీలు లేకపోతే దాని ఆయుష్షే లైటు ఆయుష్షు. అసలు మెరుగు పెట్టిన బంగారం మీద నుదుటి లైటు తిరిగి కళ్ళలోకే కొడుతుంది. లైటు కోసం వేరే పక్కనుంచి వచ్చే టేబుల్ లాంపు పెట్టుకుని, లైటు లేని భూతద్దం కొనుక్కోవడమే మా సలహా.

లెన్సు మీద గీతలు పడేది తుడవడంలోనే. చొక్కా కొంగుతో పొడిగా రుద్దితే మెరుగు పొడి గాజును కూడా గీస్తుంది. ముందు రబ్బరు బుడ్డితో ఊది, కుళాయి కింద పెట్టి, గిన్నెల సబ్బు ఒక బొట్టు వేలితో రాసి కడిగి, మెత్తని గుడ్డతో అద్దండి. గాజు లెన్సుకు స్పిరిట్ పర్వాలేదు, దాని ప్లాస్టిక్ చట్రానికి తగలనివ్వకండి. సెల్ రిపేరు షాపుల్లో బోర్డు కడిగే ఐపీఏతోనే (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) భూతద్దాన్నీ తుడిచే అలవాటుంది. అక్రిలిక్ లెన్సులు అక్కడ అంత త్వరగా పోవడానికి కారణం అదే.

కొనే ముందు విడి లెన్సు పలక, నాబ్, చెమట పట్టీ దొరుకుతాయా అని అడగండి. దొరకవంటే, ధర సగమైనా అది ఒకసారి వాడి పారేసే వస్తువు కింద లెక్కేసుకోండి.

షాపులోనే చేయాల్సినవి

స్టీలు స్కేలు, గ్రాఫు కాగితం ముక్క వెంట తీసుకెళ్ళండి. పెట్టుకుని, కాగితం మీద ఒక చుక్క వైపు చూడండి. ఎడమ కన్ను మూసి, కుడి కన్ను మూసి, రెండూ తెరవండి. తెరిచినప్పుడు చుక్క ఒక క్షణం రెండుగా కనిపించి తర్వాత కలిస్తే రెండు లెన్సుల మధ్యలు మీ కళ్ళకు కుదరలేదని అర్థం. దగ్గరికి చూసేటప్పుడు కళ్ళు లోపలికి తిరుగుతాయి. మంచి లెన్సు పలకలో ముక్కువైపు అంచు మందంగా చేసి ఆ శ్రమ తగ్గిస్తారు, వేళ్ళతో పట్టి చూస్తే ఆ మందం తెలుస్తుంది. ఇది లేని పలకతో ఐదు నిమిషాలు బాగానే ఉంటుంది, గంటకు కణతలు లాగుతాయి. తర్వాత స్కేలుతో దూరం కొలిచి కాగితమ్ముక్కతో పోల్చుకోండి. చూరు ఇరవైసార్లు ఎత్తి దించండి. ఎత్తి ఉంచి తల గట్టిగా ఊపండి, అది పడకూడదు. పది నిమిషాలు తలమీదే ఉంచుకుని షాపతనితో కబుర్లు చెప్పండి, బరువు నుదుటి మీద ఒకేచోట నొక్కుతోందో లేదో తేలుతుంది.

ఎవరికి ఏది

కరీంనగర్ వెండి తీగ పనిలాంటి పనికి, నగల అతుకులకు, ఆకురాయి పనికి నంబరు 3 లేదా 4 గాజు తలపట్టీ. రాళ్ళు పొదగడానికి అదే పట్టీకి నంబరు 5 పలక అదనంగా, డబ్బు ఉంటే 42 సెంటీమీటర్ల దూరదర్శిని రకం. ముద్ర చదవడానికి 10 ఎక్స్ ట్రిప్లెట్. మగ్గం వర్క్‌కు నంబరు 2 మించి వద్దు, చూపు వెడల్పు లేకపోతే డిజైన్ తప్పుతుంది. చాలామందికి చదువుకునే కళ్ళద్దాల్లో అర పవర్ పెంచుకుంటే సరిపోతుంది.

సెల్ రిపేరులో విప్పడానికి, స్క్రూలకు, కనెక్టర్లకు నంబరు 3. బోర్డు పనికి మాత్రం తలమీద పెట్టుకునేది ఏదీ సరిపోదు. బోర్డు మీద అతికే విడిభాగాల్లో 0402 సైజు ముక్క 1 మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు, దాన్ని మూడున్నర రెట్లతో ఎలాగో పెట్టొచ్చు. 0201 అంటే 0.6కు 0.3, 01005 అంటే 0.4కు 0.2. వీటికి 7 నుంచి 45 రెట్ల జూమ్ ఉన్న స్టీరియో మైక్రోస్కోపే కొనాలి, 25 ఎక్స్ కళ్ళజోళ్ళ మీద పెట్టే డబ్బు దానికి దాచుకోండి. మైక్రోస్కోపుకు కింద 0.5 ఎక్స్ అదనపు లెన్సు వేయించండి. రెట్లు సగమవుతాయి కానీ కింద ఖాళీ 10 సెంటీమీటర్ల నుంచి 16 దాకా పెరిగి హాట్ ఎయిర్ గొట్టం పడుతుంది. ఫ్లక్స్ పొగ కింది లెన్సు మీదే పేరుకుంటుంది కాబట్టి దానికి అడ్డంగా ఒక సాదా గాజు ఫిల్టరు బిగించుకోండి, మురికైతే అదే మార్చుకోవచ్చు.

ఏది కొన్నా పని అయ్యాక లెన్సు మీద గుడ్డ కప్పి సొరుగులో పెట్టండి. కిటికీ పక్కన వదిలేస్తే మధ్యాహ్నం ఎండ ఆ లెన్సులోంచి దిగి, కింద నగల పొట్లాలు కట్టే గులాబీ కాగితం మీద ఒక చుక్కగా పడుతుంది. ఆ కాగితం అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు.